జో పూల్ గట్టున చేప పడని రోజులు

2023వ సంవత్సరం ఫిబ్రవరి నెలాఖరున నేను టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ నగరానికి వెళ్లాను. అక్కడి తెలుగు విశ్వాసులు మూడు రోజుల కూడికలకు పిలిచారు. ఆ కూడికల సంగతి మరొకసారి వ్రాస్తాను. ఇప్పుడు వ్రాయదలచింది అవి ముగిశాక మిగిలిన పన్నెండు రోజుల సంగతి. ఆ పన్నెండు రోజులు నేను మా అన్నయ్య ఇంట్లో ఉన్నాను. నిజం చెప్పాలంటే ఇంట్లో కంటె ఒక చెరువు గట్టునే ఎక్కువసేపు ఉన్నాను.

మా అన్నయ్య ఆ దేశం వెళ్లి ఇరవై ఏళ్లు దాటింది. అర్వింగ్ అనే ఊళ్లో కాపురం. డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువారు వేలాదిగా ఉన్న ఊళ్లలో అదొకటి. నేను వెళ్లేటప్పటికి మా వదిన చనిపోయి పదకొండు నెలలు. అప్పుడు నాకు వీసా దొరకలేదు, భూస్థాపనకు వెళ్లలేకపోయాను. అన్నయ్య ఫోనులో మాట్లాడటం క్రమంగా తగ్గించేశాడు. "బాగున్నాను, పిల్లలు బాగున్నారు" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసేవాడు. నేను బయలుదేరే రోజున అమ్మ నా పెట్టెలో ఆవకాయ సర్దుతూ, "వాణ్ణి మాట్లాడించు. వదిన జ్ఞాపకార్థ కూడిక మన ఊళ్లో పెట్టుకుందామని చెప్పు. ఎలాగైనా తీసుకురా" అన్నది. మాట్లాడించడం నా వృత్తి. పద్దెనిమిదేళ్లుగా దుఃఖంలో ఉన్న ఇళ్లకు వెళ్లి కూర్చుంటున్నవాణ్ణి. సొంత అన్నయ్యను మాట్లాడించలేనా అనుకున్నాను.

మొదటి శనివారం తెల్లవారుజామున అన్నయ్య నా గది తలుపు తట్టి, "వస్తావా?" అన్నాడు. ఎక్కడికని అడగకుండా లేచాను. కారు వెనుక రెండు గాలపు కర్రలు, ఒక పాత ప్లాస్టిక్ బకెట్టు, ఫ్లాస్కులో టీ ఉన్నాయి.

డల్లాస్ నగరానికి నైరుతి దిక్కున, అరగంట కారు ప్రయాణంలో సీడర్ హిల్ అనే ఊరున్నది. దాని ప్రక్కనే జో పూల్ అనే పెద్ద జలాశయం. ఆ ప్రాంతం నుండి అమెరికా చట్టసభకు ఎన్నికై 1968లో మరణించిన ఒకాయన పేరు దానికి పెట్టారు. 1980లలో అక్కడి సైనిక ఇంజనీర్ల శాఖవారు రెండు వాగుల మీద ఆనకట్ట కట్టగా ఏర్పడిన నీరు అది. దాని తూర్పు గట్టున రాష్ట్రంవారి ఉద్యానవనం ఉన్నది. టెక్సాస్‌లో చేపలు పట్టడానికి లైసెన్సు కావాలి గాని, ఇలాంటి రాష్ట్ర ఉద్యానవనం లోపల గట్టు మీద నిలబడి గాలం వేసేవారికి అక్కరలేదు. ప్రవేశ రుసుము కడితే చాలు. నాబోటి పరదేశికి ఇది మంచి ఏర్పాటు.

కారు దిగి నాలుగడుగులు వేసేసరికి నా బూట్లకు నల్లమట్టి అంటుకున్నది. వంగి చూస్తే మన నల్లరేగడే! ఎండితే బీటలువారుతుంది, తడిస్తే కాలిని వదలదు. ఆ నేల మీద పూర్వం ప్రత్తి పండించేవారట. ఉద్యానవనంలోనే పెన్ అనే కుటుంబంవారి పాత వ్యవసాయ క్షేత్రం, కొట్టాలతో సహా కాపాడి ఉంచారు. గట్టున ముళ్లచెట్లు కనబడ్డాయి. వారు వాటిని మెస్కీట్ అంటారు. ఆకు, కాయ, ముల్లు చూసి "ఇది మన సర్కారు తుమ్మ కదూ" అన్నాను. "దానికి దగ్గర చుట్టం" అన్నాడు అన్నయ్య. వేల మైళ్ల దూరాన్నుంచి వెళ్లినవాడికి కాలిక్రింద నల్లరేగడి, కంటియెదుట తుమ్మ! ఆయన ఈ గట్టునే ఎందుకు ఎంచుకున్నాడో అడగలేదు గాని, నాకు కొంచెం తెలిసినట్లనిపించింది.

ఆయన పట్టే చేప పేరు బాస్. మనవాళ్లకు బాస్ అంటే ఆఫీసులో పైవాడే. కొందరు దీన్ని మన పండుగప్పతో పోలుస్తారు. పండుగప్పను ఇంగ్లీషువారు సముద్రపు బాస్ అంటారు గనుక ఆ పొరపాటు వచ్చింది. రెండింటికీ చుట్టరికం లేదు. ఇది మంచినీటి చేప, పచ్చని ఒళ్లు, ప్రక్కన నల్లటి చార, ముఖానికి మించిన నోరు. గుణంలో మాత్రం మన కొరమేనుకు దగ్గర. నాచులోనో, మునిగిన చెట్టుక్రిందో కదలకుండా పొంచి ఉండి, ముందుకు వచ్చినదాన్ని ఒక్కసారిగా మ్రింగుతుంది. దీని మీద ఆ దేశస్థుల మోజు అంతా ఇంతా కాదు. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే పేద రైతు యువకుడు, వర్షానికి దున్నడం సాగని ఒక రోజున, చేపలకని వెళ్లి 22 పౌన్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు. అంటే మన లెక్కలో పది కిలోలు. ఆ రికార్డు డెబ్బైయేడేళ్లు నిలిచింది. 2009లో జపానులోని బీవా సరస్సులో ఒకాయన దానికి సమానమైన చేపను పట్టాడు. పెర్రీ కుటుంబం ఏం చేసిందంటే, దాన్ని తూకం వేయించి ఇంటికి తీసుకుపోయి వండుకొని తిన్నది. ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం అదే.

ఆ మొదటి శనివారం గట్టున ఎండ బాగా కాసింది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఉత్తరపు గాలి మాత్రం చెవులు కోసేస్తున్నది. ముందటి రోజు సాయంకాలం చొక్కాతో తిరిగాను. రాత్రికి రాత్రే ఉత్తరాది చలి దిగింది. టెక్సాస్‌లో ఫిబ్రవరి, మార్చి నెలలు ఇలాగే ఉంటాయి. నాలుగు రోజులు వేడి, తర్వాత ఒక్క రాత్రిలో చలి. అక్కడివారు దీనిని నార్తర్ అంటారు. చూడటానికి ఎంతో చక్కని రోజు. చేపలవారికి మాత్రం అదే మందపు రోజు.

"ఇంత మంచి ఎండలో చేపలు ఎక్కడికి పోయాయి?" అన్నాను.

"ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నాయి. కదలవు, అంతే" అన్నాడు.

ఆ తర్వాత రోజులలో ముక్కముక్కలుగా ఆయన చెప్పినది ఇది. చేపకు మనలాగా సొంత ఒంటివేడి లేదు. నీరు ఎంత వేడో దాని ఒళ్లు అంతే. నీరు చల్లబడితే తిన్నది అరగడానికి ఎక్కువకాలం పడుతుంది. ఆకలి తగ్గుతుంది. వెంటాడే ఓపిక ఉండదు. వసంతంలో గుడ్లు పెట్టడానికని లోతునుండి ఒడ్డువైపు వచ్చిన చేపలు, చలి తగలగానే దగ్గరలోని రాయినో మొద్దునో ఆనుకొని ఉండిపోతాయి. ఆకలిగా ఉన్న రోజున పది అడుగులు పరుగెత్తి ఎరను పట్టే చేప, ఆ రోజున అడుగు దూరానికి కూడా రాదు. ముక్కు దగ్గరకు తీసుకుపోయి పెట్టాలి. పెట్టి ఊరుకోవాలి.

మన కాలువ గట్లపై వానపామును గాలానికి గుచ్చి, బెండు కట్టి, కూర్చునేవాళ్లం. ఇక్కడ ఎర కూడా ప్లాస్టిక్‌దే. ఊదారంగు ప్లాస్టిక్ వానపాము! 1949లో ఒహాయో రాష్ట్రపు ఏక్రన్ పట్టణంలో నిక్ క్రీమ్ అనే ఆయన తన భార్యతో కలిసి దీనిని తయారుచేశాడు. ఆ కంపెనీ తర్వాత టెక్సాస్‌లోని టైలర్ పట్టణానికే వచ్చింది. గాలపు మొనను ఆ పురుగు ఒంట్లోనే దాచి, ముందు తూటావంటి చిన్న సీసపు బరువు వేస్తారు. అలా చేస్తే కొమ్మలకూ నాచుకూ తగులుకోదు. ఈ పద్ధతికి ఆ రాష్ట్రం పేరే పెట్టారు. మందపు రోజులలో అన్నయ్య సీసం కూడా తీసేసేవాడు. ఒట్టి పురుగు తన బరువుకు తానే, ఆకు రాలినంత నెమ్మదిగా దిగేది. అది అడుగుకు చేరాక కర్రను కదపకుండా ఉండేవాడు. నేను లోపల లెక్కపెట్టాను. ఒకసారి నలభై వరకు వచ్చింది.

నేను రెండు గంటలలో మూడు రకాల ఎరలు మార్చి, నాలుగు చోట్లకు నడిచి, వీలైనంత దూరం విసిరాను. భుజం నొప్పి పుట్టింది. అప్పుడాయన మొదటిసారి కొంచెం నవ్వి, దూరాన పడవలో ఉన్న ఇద్దరిని చూపించాడు. "చూడు. వాళ్లు లక్షలు పెట్టి పడవ కొనుక్కొని, నడినీటినుండి ఒడ్డుకు విసురుతున్నారు. నువ్వు ఒడ్డున నిలబడి నడినీటికి విసురుతున్నావు. చేప మాత్రం ఇక్కడ ఉన్నది" అని తన కాలి ముందర ఆరడుగుల దూరంలో ఉన్న రాళ్లను చూపించాడు.

గట్టు మీదివాడికి ఉన్న వీలు ఇదేనట. నీటిలోకి ఎదురుగా విసిరితే ఎర చేప ఉండే లోతులో కొద్దిసేపే ఉంటుంది. గట్టు వెంట, ఒడ్డుకు సమాంతరంగా విసిరితే, వచ్చే దారి అంతా చేపలున్న చోటే. ఇంకా కొన్ని చెప్పాడు. చిన్న రేవులలో ఉత్తరపు గట్టు వెదకాలి. ఉత్తరపు గాలి దానికి తగలదు, దక్షిణపు ఎండ దాని మీద పడుతుంది. ఆనకట్టకు పోసిన రాళ్లు మధ్యాహ్నానికి వేడెక్కి, ప్రక్కనున్న నీటికి కాస్త వెచ్చదనమిస్తాయి. అందుచేత మందపు రోజున తెల్లవారుజాము కంటె మధ్యాహ్నం మేలు. మరి మమ్మల్ని తెల్లవారుజామునే ఎందుకు తీసుకువచ్చినట్లు? ఆ ప్రశ్న నోటిదాకా వచ్చింది. ఇంట్లో ఆ వేళప్పుడు వదిన వంటింట్లో ఉండేదని జ్ఞాపకం వచ్చి మ్రింగేశాను.

ఇతర విషయాలు మాత్రం మ్రింగలేదు. నా అలవాటు చొప్పున మాట్లాడుతూనే ఉన్నాను. అమ్మ ఆరోగ్యం, ఊరి సంగతులు, మందిరం పైకప్పు, దుఃఖం గురించి నాకు తెలిసిన మంచి మాటలన్నీ. మూడవ రోజున ఆయన నీటివైపే చూస్తూ, "ఒరేయ్ చిన్నా" అన్నాడు.

"చేపలు బెదురుతాయా?" అన్నాను.

"మాట వాటికి అంతగా వినబడదు. గాలిలో మాట నీటిలోకి దిగదు. నీ అడుగుల చప్పుడు దిగుతుంది, చేప ప్రక్కన చారలాగా ఉండే నరం ఆ అదురును పట్టేస్తుంది. మాట వినబడేది నాకే."

కోపంగా అనలేదు. కాని నా ముఖం వేడెక్కింది. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను. ఆ రోజు సాయంత్రం వరకు మళ్లీ నోరు తెరవలేదు. ప్రక్క రేవులో ఒక పెద్ద బూడిదరంగు కొంగ ఉన్నది. అదీ ఆ రోజున ఏమీ పట్టలేదు. దాన్ని చూసి నాకు కొంచెం ఓదార్పు కలిగిందని ఒప్పుకొంటున్నాను.

చేపల కథ వ్రాస్తున్నానంటే పేతురు సంగతి వస్తుందని పాఠకులు ఎదురుచూస్తూ ఉంటారు. పేతురు వలవాడు. నాకు తెలిసి సువార్తలలో గాలం మాట మత్తయి 17వ అధ్యాయంలో ఒక్కచోటే ఉన్నది. ఆ భాగం మీద నేను కనీసం అయిదారుసార్లు ప్రసంగించి ఉంటాను. ప్రతిసారీ చేప నోటిలోని నాణెం గురించే చెప్పాను. రాత్రంతా నలుగురితో కలిసి వలలాగే మనిషి, ఒక్కడే గాలం పట్టుకొని గట్టున ఎంతసేపు నిలబడి ఉంటాడో ఒక్కసారీ ఆలోచించలేదు.

అయిదు రోజులు మాకు ఒక్క చేపా పడలేదు. ఆరవ రోజున గాలి దక్షిణానికి తిరిగింది, మబ్బు పట్టింది, అన్నయ్యకు మధ్యాహ్నంలోగా రెండు చేపలు పడ్డాయి. ఏడవ రాత్రి మళ్లీ ఉత్తరపు చలి దిగింది. నాకు చేప పడింది ఆ మర్నాడు, అంటే మందపు రోజునే.

లాగినట్లు అనిపించలేదు. దారం మీద ఎవరో వ్రేలితో ఒక్కసారి తట్టినట్లయింది, అంతే. తర్వాత దారం నెమ్మదిగా ప్రక్కకు జరుగుతున్నది. "చూడు, దారం నడుస్తున్నది" అన్నాడు అన్నయ్య చాలా మెల్లగా. కర్ర ఎత్తాను. అవతల బరువు తగిలి కర్ర విల్లులా వంగింది. నలభై ఏళ్లు దాటినవాణ్ణి, సంఘకాపరిని, ఆ గట్టు మీద చిన్నపిల్లవాడిలా కేకలు పెట్టాను. గట్టుకు వచ్చాక అన్నయ్య వంగి, బొటనవ్రేలు దాని నోట్లో పెట్టి క్రింది పెదవి పట్టుకొని ఎత్తాడు. బాస్ పళ్లు గరుకు కాగితంలాగా ఉంటాయి, కోయవు. అప్పుడు చూశాను, ఆయన బొటనవ్రేలి చర్మం లేచిపోయి గరుకుదేరి ఉన్నది. ఒక్క సంవత్సరంలో ఎన్ని చేపలు పట్టి ఉంటాడో!

బద్ద పెట్టి కొలిచాడు. పదిహేడు అంగుళాలు. టెక్సాస్‌లో చాలా నీళ్లకు పద్నాలుగు అంగుళాల కంటె చిన్న బాస్‌ను ఉంచుకోకూడదు, రోజుకు అయిదింటికి మించకూడదు. నా మనసు అప్పటికే పులుసు దగ్గరకు వెళ్లింది. చింతపండు ఎలాగూ ఇంట్లో ఉన్నది. అన్నయ్య మాత్రం దాని పొట్ట చూసి, "గుడ్లతో ఉంది" అని నీటిలోకి వంగి, తోక దగ్గర పట్టుకొని కాసేపు నిలబెట్టి, వదిలేశాడు.

పట్టి వదిలేయడం ఆ దేశంలో పెద్ద అలవాటు. 1972లో బాస్ పోటీలు నడిపే రే స్కాట్ అనే ఆయన, పట్టిన చేపలను బ్రతికుండగానే నీటికి చేర్చాలని నియమం పెట్టాక బాగా వ్యాపించింది. తిండికోసం చేపలు పట్టే కొల్లేటి అంచున పుట్టినవాణ్ణి, నాకు ఇది ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడదు. తిననప్పుడు దాని నోరెందుకు గుచ్చడం? అన్నయ్యతో అదే అన్నాను.

ఆయన చాలాసేపు జవాబు చెప్పలేదు. తర్వాత, "చిన్నప్పుడు కాలువలో కొరమేను పిల్లల గుంపు చూశాం, జ్ఞాపకముందా?" అన్నాడు.

జ్ఞాపకం లేకేం! ఎర్రెర్రని పిల్లలు వందలకొద్దీ ఒక ముద్దగా నీటిపైకి వచ్చి తళతళలాడుతుంటే, క్రింద తల్లీతండ్రీ కాపలా కాస్తుండేవి. అప్పుడు కప్పపిల్లను గుచ్చి వేస్తే కొరమేను తప్పక పడుతుంది. కోపంతో కరుస్తుంది గనుక. మేమలా ఒకదాన్ని పట్టి ఇంటికి తెస్తే నాన్నగారు అన్నం పెట్టవద్దన్నారు. కాపలా పోయాక ఆ పిల్లలను మిగతా చేపలు సాయంత్రానికి తినేస్తాయని చెప్పారు.

"ఇక్కడ కాపలా మగచేప ఒక్కటే కాస్తుంది" అన్నాడు అన్నయ్య. "తోకతో నేల ఊడ్చి గూడు చేస్తుంది. గుడ్లు పొదిగి పిల్లలు ఈదేదాకా మేత మానేసి అక్కడే తిరుగుతుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది."

తర్వాత కర్ర క్రింద పెట్టేశాడు. నేనేమీ అనలేదు. అనడానికి నా దగ్గర మాటలు లేకపోలేదు, చాలా ఉన్నాయి. బకెట్టు మీద అలాగే కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో చివరి తొమ్మిది రోజులు, వదిన అడిగిన చిన్న చిన్న విషయాలు, తాను చెప్పిన ఒక అబద్ధం, ఇంట్లో పదహారేళ్ల కొడుకు రాత్రిళ్లు తన గదిలో ఏడవడం, తాను తలుపు బయట నిలబడి లోపలికి వెళ్లలేకపోవడం. ఫోనులో అమ్మ గొంతు వింటే ఏడుపు ఆగదని, అందుకే పెట్టేస్తున్నానని చెప్పాడు. సమాధిని ఇక్కడ వదిలి, పిల్లవాణ్ణి వదిలి, జ్ఞాపకార్థ కూడికకు ఊరు రాలేనని చెప్పాడు. "అమ్మకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదురా" అన్నాడు. ఎండ తిరిగిపోయేవరకు అక్కడే ఉన్నాం. ఇద్దరిలో ఎవరి గాలమూ నీటిలో లేదు.

మిగిలిన నాలుగు రోజులలో మూడు రోజులు చేపలు పడలేదు. చివరి రెండు రోజులు మాతోపాటు మా అబ్బాయి కూడా, అంటే అన్నయ్య కొడుకు, వచ్చాడు. వాడికి నాకంటె బాగా విసరడం వచ్చు. అమ్మకు అన్నయ్యే ఫోను చేశాడు, ఆ గట్టు మీదనుంచే. నేను కొంచెం దూరంగా నడిచి సర్కారు తుమ్మలవంటి ఆ చెట్ల దగ్గర నిలబడ్డాను. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. అమ్మ ఇంతవరకు చెప్పలేదు. కూడిక మార్చి నెలాఖరున సీడర్ హిల్‌కు కొద్ది దూరంలో, సమాధి దగ్గరే జరిగింది. ఊళ్లో మేమూ అదే రోజున చేరాం.

వచ్చేటప్పుడు అన్నయ్య నా పెట్టెలో ఒక కర్ర, రెండు పొట్లాల ఊదారంగు పురుగులు పెట్టాడు. మా ఊరి మురుగు కాలువలో ఒక సాయంత్రం వేసి చూశాను. చుట్టుప్రక్కల పొలాలన్నీ చేపల చెరువులైపోయాయి గాని, ఆ కాలువలో కొరమేను ఇంకా ఉన్నది. పిల్లలు పదిమంది చుట్టూ చేరారు. గంటసేపు ఏమీ లేదు. తర్వాత దారం నడిచింది, కర్ర ఎత్తాను, సగం పురుగు పైకి వచ్చింది. కొరమేను పళ్లు బాస్ పళ్లలాంటివి కావు. పిల్లలు పడి పడి నవ్వారు.

రాత్రి అన్నయ్యకు ఫోనులో ఇది చెప్పాను.

"ఎటు విసిరావు?" అన్నాడు.

"గట్టు వెంటే."

"మరి కప్పపిల్లను వెయ్యి" అన్నాడు.